మిత్రసమ్మిత వాక్యము: ప్రకటన భాషను గూర్చి యొక పరిశీలనము

ఉపదేశము మూడు విధములని మన ఆలంకారికులు చెప్పిరి. వేదము ప్రభువువలె ఆజ్ఞాపించును. పురాణేతిహాసములు మిత్రునివలె నచ్చజెప్పును. కావ్యము కాంతవలె మనస్సును లోగొని తన త్రోవకు త్రిప్పుకొనును. వీనికి వరుసగ ప్రభుసమ్మితము, మిత్రసమ్మితము, కాంతాసమ్మితము అని పేళ్లు. ఓరుగల్లున ప్రతాపరుద్రుని యాస్థానమున నుండిన విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయమున ఈ విభాగమును పేర్కొనెను. తెలుగు పాఠములు చెప్పువారు ఏదో యొకనాడు ఈ మూడు మాటలను నల్లబల్లపై వ్రాయుదురు. విద్యార్థులు వానిని కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి, అంతటితో మరచిపోవుదురు.

మరువదగిన విభాగము కాదిది. నేటి బాలుడు నిద్ర లేచినది మొదలు చేతిలోని సెల్‌ఫోనులో ఎన్నియో ఉపదేశములను వినుచున్నాడు. ఏ సబ్బుతో ముఖము కడుగుకొనవలెను, ఏ హోటలులో భుజింపవలెను, ఏ ఆటలో ధనము పెట్టవలెను అని చెప్పు వాక్యములు అతని కన్నులముందు ఎడతెగక నడచుచుండును. అవి ఉపదేశములని అతనికి తోచదు. ఎవరో తెలిసినవారు కబుర్లు చెప్పుచున్నట్లు తోచును. వ్యాపార ప్రకటన తన పూర్వవేషమును విడిచి మిత్రుని కంఠమును ధరించినది. ఆ కంఠమును గుర్తించుట ఎట్లు, గుర్తించుటకు తెలుగు చదువు ఏమి సాయము చేయగలదు అనునది ఈ వ్యాసమున విచారింపబడు విషయము. దీనికి దృష్టాంతముగ గౌతమీ తీరమునగల యానామును తీసికొనుట జరిగినది. చిన్న యూరైనను, నోటిమాట యెంత పని చేయగలదో యానాము చరిత్ర చక్కగ చూపును.

గీత గల ప్రకటన

మొదట ప్రకటనకు న్యాయము చేయవలెను. తెలుగు పత్రికల చరిత్రలో దానికి నింద్యమైన స్థానము లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. సంగీతసభలకు వచ్చినవారికి ఆ మందును ఉచితముగ పంచి, దాని వాసనను గుణమును జనులకు అలవాటు చేసిరని ప్రసిద్ధి. ఆ వ్యాపారమువలన వచ్చిన ధనము తెలుగునకు చేరినది. పంతులుగారు 1908లో బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగ వెలువరించిరి. 1914లో అది చెన్నపట్టణమున దినపత్రిక యైనది. 1924లో భారతి వెలసినది. తెలుగునాట ఒక తరము పండితులు, కవులు, చరిత్రకారులు తమ వాదప్రతివాదములను నడపుకొన్న పుటలకు వెనుక తలనొప్పి మందు సీసా యొకటి నిలిచియున్నది. అట్లే కె. ఎన్. కేసరిగారి లోధ్ర యను స్త్రీల ఔషధము గృహలక్ష్మి పత్రికకు ఆధారమైనది. 1928లో మొదలైన ఆ పత్రిక తెలుగు స్త్రీల రచనలకు ఆదరముతో చోటిచ్చినది.

కావున వస్తువును అమ్ముకొనువాడు తన వస్తువును గూర్చి చెప్పుకొనుట దోషము కాదు. ఆనాటి ప్రకటనలో ముఖ్యముగ గమనింపదగినది దాని చుట్టునున్న గీత. భారతి పాఠకుడు వ్యాసమును ఒక పుటలో చదివెను, అమృతాంజనము ప్రకటనను మరియొక పుటలో చూచెను. ప్రకటన ఒక చట్రములో నుండెడిది. అందు సరకు పేరు, అమ్మువాని పేరు, చిరునామా ఉండెడివి. మాటలాడువాడు ఎవడో, ఆ మాటకు డబ్బిచ్చువాడు ఎవడో వేరుగ విచారింపనక్కరలేదు. ఇద్దరును ఒక్కరే, వారి పేరు అచ్చటనే అచ్చయి యుండెను.

ఆనాటి ప్రకటనలన్నియు సత్యములని దీని యర్థము కాదు. సర్వరోగనివారిణులును, యౌవనమును మరల తెచ్చు లేహ్యములును పత్రికలలో విరివిగ కనుపించెడివి. అందుచేతనే 1954లో ఔషధముల, మాంత్రిక చికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టము వచ్చినది. కాని ఆ యసత్యమైనను గీత లోపల నుండిన యసత్యము. పాఠకుడు దానిని సంతలో అరచువాని మాటగ వినెను. నమ్మినను నమ్మకున్నను, అది అమ్మకమని యెరిగియుండెను.

గీత చెవికిని వినబడెడిది. దూరదర్శినిలో వచ్చిన ప్రకటనలలో అనేకములు పరభాషలలో తీయబడి తెలుగులోనికి మార్చబడినవి. పెదవుల కదలికకును మాటకును పొత్తు కుదరదు. వాక్యనిర్మాణము తెలుగుది కాదు. "మరింత తెల్లదనము" అని వినబడును. దేనికంటె అను ప్రశ్నకు సమాధానముండదు. రెండు వస్తువులను పోల్చి చెప్పునపుడు "కంటె" అను మాటతో రెండవదానిని చూపుట తెలుగున సహజము. ఆ రెండవ వస్తువును చెప్పకుండ పోలికను మాత్రము చెప్పుట ప్రకటన భాష చేసిన క్రొత్త యేర్పాటు. "నిపుణులు మెచ్చినది" అందురు. ఏ నిపుణులో చెప్పరు. ఈ కృతకత్వము భాషాభిమానులకు చిరాకు కలిగించినమాట నిజము. ఐనను అది యొక మేలు చేసినది. ఇది మనవారి మాట కాదని పిల్లవాని చెవికైనను తెలిపినది.

యానామునకు వచ్చిన మాట

యానాము ముప్పది చదరపు కిలోమీటర్ల ప్రదేశము. 1954 జూన్ 13న విమోచనము పొంది, ఆ సంవత్సరము నవంబరు 1న భారత ప్రభుత్వ పాలనలోనికి వచ్చి, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనమైనది. ఫ్రెంచివారి యేలుబడిలో ఈ యూరికి జనులను రప్పించినవి ముఖ్యముగ రెండు. ఒకటి మంగళవారపు సంత. చుట్టుప్రక్కల ఆంగ్లేయ మండలములవారు విదేశవస్తువులకై ఆ సంతకు వచ్చెడివారు. రెండవది వివాహము. 1929లో శాసనమై 1930 ఏప్రిల్ 1 నుండి అమలైన శారదాచట్టము పదునాలుగేండ్లు నిండని బాలికల వివాహమును బ్రిటిషు ఇండియాలో నిషేధించినది. ఆ చట్టము ఫ్రెంచి సీమకు వర్తింపలేదు. బాల్యవివాహము చేయదలచినవారు బండ్లు కట్టుకొని, పడవలెక్కి యానాము చేరుకొనిరి. ఊరికి కల్యాణపురమను పేరు వచ్చినది.

ఆ పెండ్లివారిని పిలిచినది పత్రికా ప్రకటన కాదు. ఒక వియ్యంకుడు మరియొక వియ్యంకునికి చెప్పెను. పురోహితుడు యజమానికి చెప్పెను. చెప్పినవారందరు బంధువులు, హితులు. మాట మంచిదా చెడ్డదా అను విచారము పుట్టకమునుపే, చెప్పినవాడు మనవాడు గదా యను నమ్మకము పుట్టినది. మిత్రసమ్మితమునకు గల బలము ఇదియే. వాక్యమును పరీక్షింపవలసిన చోట వక్తయందలి విశ్వాసము పరీక్షకు బదులుగ నిలుచును. ఆ చట్టము రక్షింపదలచిన బాలికలు ఆ విశ్వాసమునకు మూల్యము చెల్లించిరి.

తెలుగు సాహిత్యమున ఈ విషయమును గురజాడ అప్పారావుగారు చక్కగ గ్రహించిరి. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చైన కన్యాశుల్కమున గిరీశము తన్ను తాను ప్రకటించుకొనుటలో అసమానుడు. అతని ప్రకటన కరపత్రము కాదు. అతడు వెంకటేశమునకు గురువుగ, చనువుగల అన్నగ ఆ యింట ప్రవేశించెను. పిల్లవాని స్నేహమే తలిదండ్రులకు యోగ్యతాపత్రమైనది. అగ్నిహోత్రావధానులు గిరీశము చదువును పరీక్షింపలేడు. అతని ఆంగ్లపు ధోరణిని విని, వ్యాజ్యములలో పనికివచ్చునని సంతోషించెను. పాఠశాలలో ఈ పాత్రను హాస్యమునకు చదివి విడిచిపెట్టుట కంటె, శ్రోత ఏ క్షణమున ఎందుచేత నమ్మెనో పరిశీలించుట మిక్కిలి ప్రయోజనకరము.

పులస కథ

నేటి యానాములో నోటిమాట పని చేయు తీరునకు పులస చేప మంచి యుదాహరణము. సముద్రమునందు ఇలస యనబడు చేప వరదకాలమున గ్రుడ్లు పెట్టుటకై గోదావరిలోనికి ఎదురీదును. జూలై నెల మొదలు సెప్టెంబరు వరకు ధవళేశ్వరమునకును సముద్రమునకును నడుమ ఎఱ్ఱనీటిలో వలలకు చిక్కును. అప్పుడు దానికి పులస యని పేరు, రుచికి ప్రసిద్ధి. యానాము రేవులో దానిని వేలము వేయుదురు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని గోదావరి ప్రాంతమున సామెత.

సామెత అతిశయోక్తి. చెప్పువానికిని వినువానికిని అది తెలియును. ఆ మాట విని ఎవరును మంగళసూత్రమును అంగడికి కొనిపోలేదు. కాని ఏటేట వరదకాలమున సామాజిక మాధ్యమములలో జరుగుచున్నది వేరు. ఒక చేప వేలములో వేల రూపాయలు పలికినంతనే, దాని దృశ్యము యూట్యూబులోను, ఇన్‌స్టాగ్రాములోను, వాట్సాపులోను వ్యాపించును. వీడియోలోని కంఠము గోదావరి మాండలికమున, "ఆయ్" అను పలుకుతో, "అండి" అను మర్యాదతో పలుకరించును. పులసను చూపును, ధరను చెప్పును, సామెతను జోడించును. దానిని చూచిన హైదరాబాదువాసికి, అమెరికాలోని తెలుగువానికి జన్మభూమి గుర్తునకు వచ్చును. సామెత యొక్క యతిశయోక్తి ఆజ్ఞగ మారును.

దీనిని ఎవడును డబ్బిచ్చి ప్రకటింపలేదు. ఐనను ప్రకటన జరిగినది. ఎవరికి లాభమో విచారింపవలెను. వీడియో తీసినవానికి చూచువారి సంఖ్యనుబట్టి ఆదాయము. వేదికను నడపు సంస్థకు ఆ చూపుల నడుమ ఇతర ప్రకటనలను అమ్ముకొను నవకాశము. మరునాడు చేపలమ్మువానికి నిన్నటి ధర ఒక ప్రమాణము. కొన్నవానికి గొప్ప. ఇందరికి లాభమున్న మాట వార్తవలె, స్నేహితుని కబురువలె వచ్చినది. ఇందులో అబద్ధము చెప్పినవాడును లేడు. ఆ చేప ఆ ధరకు నిజముగ అమ్ముడుపోయినది.

అబద్ధము లేకున్నను దోషమున్నది. తర్కశాస్త్రమున దీనిని అతివ్యాప్తి యనవచ్చును. ఒక్క చేపకు పలికిన ధర పులస ధరగ ప్రచారమగును. దూరమున నున్నవాడు మత్స్యకారులందరు ధనవంతులైరని తలచును. వట్టి వలతో ఒడ్డు చేరిన పడవ వీడియోలోనికి రాదు. ఆశ పెరిగినచోట కల్తీ ప్రవేశించును. ఒడిశానుండియు వంగదేశమునుండియు వచ్చు ఇలస పులస పేరుతో అమ్ముడగుట గోదావరి ప్రాంతమున అందరెరిగినదే. దూరపువాడు రెండింటి భేదమును గుర్తింపలేడు, అతడు కొన్నది పేరును. మరియు గ్రుడ్లతోనున్న చేపకు ఆదరము ఎక్కువ. గ్రుడ్లు పెట్టుటకు వచ్చిన చేపనే యధికధరకు పట్టించుటవలన రాబోవు సంవత్సరముల చేప తగ్గును. గోదావరిలో పులస యరుదగుచున్నదని మత్స్యకారులు చెప్పుచున్నారు. అరుదైనకొలది ధర పెరుగును, ధర పెరిగినకొలది వార్త యగును, వార్త యైనకొలది కోరిక పెరుగును. ఈ చక్రమును త్రిప్పుచున్నవారిలో, వీడియోను మరియొకరికి పంపిన సామాన్యుడును ఒకడు.

కనబడని మూడవవాడు

పులస కథలో డబ్బు చేతులు మారలేదు. డబ్బు చేతులు మారినచోట అపాయము ఎక్కువ. వాక్యమునకు వాచ్యార్థముగాక వ్యంగ్యార్థము స్ఫురించుటకు కారణములను ఆలంకారికులు లెక్కించిరి. చెప్పువాడు ఎవడు, వినువాడు ఎవడు, కంఠధ్వని యెట్టిది, ప్రస్తావమేది, దేశమేది, కాలమేది అనునవి యందు చేరును. వానిలో అన్యసన్నిధి యనునది యొకటి. అనగా మూడవవ్యక్తి సమీపమున నుండుట. నాయిక పొరుగింటి స్త్రీతో సంధ్యవేళను గూర్చి మాటలాడును. సమీపమున నిలిచిన నాయకునికి అది సంకేతమగును. మూడవవాడున్నాడని యెరిగిన రసికునికే యా వాక్యము పూర్తిగ అర్థమగును.

సామాజిక మాధ్యమములలోని ప్రకటన ఇదే నిర్మాణము కలది. చెప్పువాడు మిత్రునివలె శ్రోతతో మాటలాడుచున్నాడు. అతని వెనుక డబ్బిచ్చిన వర్తకుడు నిలిచియున్నాడు. కావ్యమున మూడవవాని ఉనికి సహృదయునికి తెలియును. ఇచ్చట శ్రోతకు తెలియకుండుటయే ప్రయోజనము. పాత ప్రకటన చుట్టునుండిన గీత ఈ మూడవవానిని చూపెడిది. గీతను చెరపివేసి అతనిని మరుగుపరచుట క్రొత్త ప్రకటన చేసిన పని.

ఈ యుపాయము సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. 1929లో న్యూయార్కు నగరమున ఈస్టరు పండుగనాటి ఊరేగింపులో కొందరు యువతులు బహిరంగముగ సిగరెట్లు వెలిగించిరి. పత్రికలు దానిని స్త్రీస్వాతంత్ర్య వార్తగ ప్రకటించినవి. దానిని ఏర్పాటు చేసినవాడు సిగరెట్ల కంపెనీ నియమించిన ప్రచారకుడు ఎడ్వర్డ్ బెర్నేస్. అమెరికాలోని ప్రకటనకర్తలు మనశ్శాస్త్రమును వినియోగించు తీరును వాన్స్ ప్యాకర్డ్ 1957లో ఒక గ్రంథమున వెల్లడించెను. అప్పటికిని ఇప్పటికిని భేదమేమనగా, ఆనాటి ప్రచారకునికి ఒక నగరము కావలసివచ్చెను, ఒక ఊరేగింపు కావలసివచ్చెను. నేడు ప్రతివాని చేతిలోని యంత్రము అతడు ఏ దృశ్యమువద్ద ఎంతసేపు నిలిచెనో గుర్తుంచుకొనును. అతని యిష్టమునకు తగిన మిత్రుని ఏరి తెచ్చి ఎదుట నిలుపును. ఇద్దరు సోదరులు ఒకే గదిలో కూర్చుండినను ఇద్దరికిని వేరువేరు ప్రకటనలు కనుపించును. పాత ప్రకటనను ఊరంతయు చూచెను, ఊరంతయు నవ్వెను. ఒక్కనికే కనబడు ప్రకటనను చూచి నవ్వుటకు పదిమంది లేరు.

దీని ఫలితము ఆటల పందెములలో తీవ్రముగ కనబడినది. ధనము పెట్టి ఆడు ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను చట్టసవరణలతో నిషేధించినవి. ఐనను ఆయా సంస్థలను మెచ్చుకొను వీడియోలు ఆగలేదు. 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు అట్టి ప్రచారము చేసిరని కొందరు సినీనటులపైనను, సామాజిక మాధ్యమములలో పేరుపొందినవారిపైనను కేసులు నమోదు చేసిరి. వారి దోషనిర్ణయము న్యాయస్థానముల పని. విమర్శకునికి సంబంధించినది వాక్యస్వభావము. "నేను ఆడితిని, గెలిచితిని, నీవును ఆడుము" అనునది యట్టి వాక్యముల సామాన్యరూపము. వాచ్యమున అది స్వానుభవ కథనము. చెప్పుటకు ప్రతిఫలము పుచ్చుకొన్నవానికి ముట్టినది గెలుపు కాదు, కూలి. ఆ యొక్కమాట తెలిసినచో వాక్యమున కర్థము మారిపోవును. తెలియని యువకుడు జీతమును, తండ్రి దాచిన సొమ్మును, అప్పు తెచ్చిన సొమ్మును అందులో పోయును. 2025 ఆగస్టులో పార్లమెంటు ధనముతో ఆడు ఆన్‌లైను ఆటలను, వానితోపాటు వాని ప్రకటనలనుకూడ నిషేధించు చట్టము చేసినది.

చట్టము అందుకొనగలిగినంత

చట్టములు లేకపోలేదు. 1985లో ప్రకటనకర్తలే తమ స్వయంనియంత్రణమునకై ఒక మండలిని ఏర్పరచుకొనిరి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనకు మొదటిసారి పది లక్షల రూపాయల వరకును, మరల చేసినచో యాబది లక్షల వరకును అపరాధము విధించు నధికారమును కల్పించినది. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకములు, సరకును మెచ్చుకొనువానికి వర్తకునితోగల సంబంధమును బయటపెట్టవలెనని చెప్పినవి. 2023 జనవరిలో ప్రభుత్వము సామాజిక మాధ్యమములవారికి ఈ నియమమును మరింత విశదపరచినది. ఒక విధముగ ఇది చెరిగిన గీతను మరల గీయు ప్రయత్నము. అందుచేత ప్రశంసింపదగినది.

ఐనను చట్టమునకు హద్దు కలదు. చట్టము వాచ్యమును పట్టుకొనును. వ్యంగ్యమును పట్టుకొనుట దానికి కష్టము. మద్యము ప్రకటనలు ఇందుకు సాక్ష్యము. 1994 నాటి కేబులు టెలివిజను నియమములు మద్యమును ప్రత్యక్షముగ గాని పరోక్షముగ గాని ప్రకటింపరాదని నిషేధించినవి. అంతట మద్యము పేరే పెట్టుకొని సోడాలు, మంచినీళ్లు, పాటల పళ్లెములు తెరపైకి వచ్చినవి. వాచ్యార్థము సోడా. వ్యంగ్యార్థము చిన్నపిల్లవానికి కూడ తెలియును. 2022 మార్గదర్శకములు ఇట్టి మారుప్రకటనలనుకూడ నిషేధించినవి. కాని ఒక వాక్యమున దాగిన ధ్వనిని న్యాయస్థానమున నిరూపించుట, సరకులో కల్తీని నిరూపించుట వంటిది కాదు. పన్నుల భేదముచేత మద్యపు ధరలలో భేదము చిరకాలముగనున్న యానాము వంటి సరిహద్దు ఊరికి ఈ విషయము దూరపు సంగతి కాదు.

మరియు పులస వీడియో వంటి వానికి ఏ నియమమును వర్తింపదు. డబ్బిచ్చినవాడు లేడు. దాచిన సంబంధము లేదు. చెప్పినది యథార్థము. అట్టిచోట శ్రోతయొక్క వివేకము తప్ప వేరు రక్షణ లేదు.

తెలుగు తరగతి చేయదగిన పని

యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో ఒక భాగము. పరిపాలనా కేంద్రము ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున, తమిళదేశమున నున్నది. 1965 నాటి రాజభాషల చట్టము తమిళమునకు ప్రధానస్థానమిచ్చుచు, యానాములో తెలుగు వాడుకకు అవకాశము కల్పించినది. మొత్తము ప్రాంతమును లెక్కించినచో తెలుగు కొద్దిమంది మాట. కొద్దిమంది మాటలాడు భాషపై వారికి మమకారము అధికము. తమ భాషలో పలుకరించినవానిని తమవానిగ భావింతురు. చెన్నపట్టణము, బెంగుళూరు, బరంపురము మొదలు విదేశముల వరకు తెలుగువారందరిలో ఈ మమకారము కలదు. ఇది సద్గుణము. కాని నేడు వర్తకుడు మొదట వశపరచుకొనునది ఈ మమకారమునే. యాసతో మాటలాడించిన చాలును, గీత చెరిగిపోవును. కావున ప్రకటనను చదువుట నేర్పు బాధ్యత భాషోపాధ్యాయునిపైనను గలదు. భాషను ప్రేమించుట నేర్పినవారే, ఆ ప్రేమను ఆసరాగ చేసికొని వచ్చు మాటను పరీక్షించుటయు నేర్పవలెను.

దానికి క్రొత్త శాస్త్రము అక్కరలేదు. పద్యమునకు తాత్పర్యము వ్రాయునపుడు సందర్భమును అడుగు పద్ధతి తెలుగు తరగతిలో నున్నది. ఇది ఎవరు ఎవరితో పలికిన మాట అను ప్రశ్న ప్రతి పరీక్షలోను వచ్చును. ఆ ప్రశ్ననే యొక వీడియోకు వేయవలెను. ఇది ఎవరి మాట? ఎవరితో పలికినది? సమీపమున మూడవవాడున్నాడా? అతడెవడు? చెప్పిన పోలికలో రెండవ వస్తువేది? చూపిన యొక్క సంఘటన తరచుగ జరుగునదా, అరుదుగ జరుగునదా? చూపనిదేమి? పదిమంది పిల్లలు పులస వేలపు వీడియోను ఒకచోట కూర్చుండి చూచి, ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాసినచో, వారిలో మత్స్యకారుల బిడ్డలు తక్కినవారికి చెప్పవలసినది చాల యుండును. ఒక్కనికే కనబడు ప్రకటనను పదిమంది కలిసి చూచుటయే సగము చికిత్స.

దీనికొక ఆక్షేపణము రావచ్చును. ఇట్లు నేర్పినచో పిల్లలు ప్రతిమాటను శంకించి, నిజమైన స్నేహమునకు కూడ దూరమగుదురు గదా యని. ఆక్షేపణము త్రోసివేయదగినది కాదు. మాటపై నమ్మకము లేక సంఘము నిలువదు. మంచి హోటలును, మంచి వైద్యుని ఒకరికొకరు చెప్పుకొనుట ఊరి జీవనములో భాగము. కాని నమ్మకమును నిజముగ చెరచుచున్నది పరీక్ష కాదు, అద్దె స్నేహము. ఒకసారి మిత్రుని కంఠముచే మోసపోయినవాడు మరునాడు నిజమైన మిత్రుని మాటను వినడు. మూడవవాడు లేడని తెలిసికొనుటకు అవకాశమున్నప్పుడే మిత్రుని మాటకు విలువ నిలుచును. కాశీనాథునివారు తమ మందును తమ పేరుతో ప్రకటించి, తమ పత్రికను తమ పేరుతో నడపిరి. పాఠకుడు రెండింటిని వేరుగ తూచుకొనెను, రెండింటిని ఆదరించెను. గీత యుండుట విశ్వాసమునకు భంగము కాలేదు.

ప్రభుసమ్మితము, మిత్రసమ్మితము, కాంతాసమ్మితము అను మూడు మాటలను తెలుగు విద్యార్థి ఇకముందును కంఠస్థము చేయును. వానిని పరీక్షపత్రముతో ముగింపక, అతని చేతిలోని సెల్‌ఫోనుపై ప్రయోగింపజేయుట ఉపాధ్యాయుల చేతిలోని పని. తెలుగు సంఘములు తమ సభలలో పద్యపఠన పోటీలను జరుపుచున్నవి. వానితోపాటు ఒక వాణిజ్య ప్రకటనకు సందర్భసహిత వ్యాఖ్య వ్రాయు పోటీని కూడ జరిపినచో బాగుండును. అందుకు ఖర్చు లేదు, గ్రంథములు అక్కరలేదు. సాయంత్రము ఇంటిల్లిపాది చూచు ఒక వీడియో చాలును.